బోస్టన్‌లో నైట్ డ్యూటీ



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మగారు మార్కుల షీటు పక్కన పెట్టేసి నన్ను వేరే సంగతి అడిగారు. వాళ్ల పెద్దబాబు పై చదువుకు అమెరికా వెళ్తున్నాడు. ఫీజు ఎంత, లోను ఎంత, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అన్నవన్నీ హన్మకొండలో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేశారట. ఆమెకు కావాల్సింది అది కాదు. అక్కడ వాడు పొద్దున లేచి ఏం తింటాడు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, చేతిలో డబ్బులు అయిపోతే మాకు చెబుతాడా, దాస్తాడా. నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్నే కానీ ఏ దేశమూ వెళ్లినదాన్ని కాదు. మా మేనత్త కొడుకును దిగబెట్టడానికి శంషాబాద్ విమానాశ్రయం గేటు దాకా వెళ్లాను, అంతే. అందుకని ఆమెకు నా అనుభవం చెప్పలేకపోయాను. వందేళ్ల కింద బోస్టన్‌కు చదువుకోవడానికి వెళ్లిన ఒక తెలుగాయన గురించి కొంత చెప్పాను. మీటింగ్‌లో టైము చాలలేదు. మిగతాది ఈ నెల పేజీలో రాస్తున్నాను.

ఆయన పేరు మీకు తెలిసిందే, యల్లాప్రగడ సుబ్బారావు. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో రెండు లైన్లలో ఉంటారు: గొప్ప శాస్త్రవేత్త, ఎన్నో మందులు కనిపెట్టారు, నోబెల్ రాలేదు. ఆ రెండు లైన్ల మధ్య అద్దె గది, రాత్రి ఉద్యోగం, నెలల తరబడి దారిలో ఉండే ఉత్తరాలు, ఇంటి దగ్గర ఎదురుచూసిన భార్య ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది వాళ్ల గురించి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, అదీ ఆరోగ్యం బాగోక ముందే మానుకోవాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లల ఇల్లు. తల్లి వెంకమ్మ గారే గట్టిగా నిలబడి చదివించారు. నగలు అమ్మి ఫీజు కట్టారని చెబుతారు. మరి పిల్లవాడు బుద్ధిమంతుడా అంటే, పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడట. నిడదవోలులో పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో చదివి, తర్వాత మద్రాసు హిందూ హైస్కూల్‌కు మారి, మెట్రిక్యులేషన్ మూడోసారికి పాసయ్యారు. మా న్యూస్‌లెటర్‌లో మూడోసారి అన్న మాట రాయొచ్చా అని ఒక్క క్షణం ఆగాను. జరిగింది అదే కాబట్టి రాస్తున్నాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు డాక్టరు చదువు చదివి జనానికి సేవ చెయ్యమన్నారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919 మే 10న పెళ్లయింది. అమ్మాయి పేరు శేషగిరి, అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు. అప్పటి నుంచి చదువు ఖర్చులో మామగారి చెయ్యి కూడా కలిసింది.

గాంధీ గారు విదేశీ బట్టలు మానమన్న రోజులవి. సుబ్బారావు గారు సర్జరీ క్లాసుకు ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. ఇంగ్లిష్ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ డిగ్రీ చేతిలో పెట్టారు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి. మద్రాసులో వేసుకున్న గౌను బోస్టన్‌లో పస్తులకు కారణమైంది.

అదే కాలంలో ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన వైద్యులు సంగ్రహణి అనే కోవలోది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోయి మనిషి రోజురోజుకూ పాలిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. (ఈయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి గారు తర్వాత మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు.) ప్రభుత్వ వైద్య ఉద్యోగం ప్రయత్నిస్తే రాలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ చెప్పే లెక్చరర్‌గా చేరారు. అక్కడ పాఠం చెబుతూనే మందుల మీద పరిశోధన చెయ్యాలన్న కోరిక పెరిగింది. ఒక అమెరికన్ డాక్టరు పరిచయమై, ఇలాంటి పని చెయ్యాలంటే మా దేశం రమ్మన్నాడు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద ఒక డిప్లొమా ఉంది. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు.

ఇవాళ కూడా ఎన్నో ఇళ్లలో సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. అడ్మిషన్ లెటర్ ఉంటుంది, డబ్బు ఉండదు. వాళ్లు ఏం చేశారంటే, కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది, మిగిలింది మామగారు అక్కడా ఇక్కడా కూడబెట్టారు. బ్యాంకు లోను లేని రోజుల్లో ఎడ్యుకేషన్ లోను అంటే ఇదే. భార్య అప్పటికి గర్భవతి. చదువు పూర్తి చేసుకుని తిరిగి వస్తాననే మాట మీద 1920ల మొదట్లో ఓడ ఎక్కారు.

ఇప్పుడు బోస్టన్ సంగతికి వస్తాను. గోదావరి జిల్లా నుంచి, మద్రాసు నుంచి వెళ్లిన మనిషికి ఆ ఊరు శీతాకాలంలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. మన ఓరుగల్లులో జనవరిలో తెల్లవారుజామున స్వెట్టర్ వేసుకుని వణికినట్టు కాదు, అక్కడ నెలల తరబడి మంచు కింద వీధులు కనపడవు. ఓడ దిగేసరికి చేతిలో మిగిలింది కొద్ది డాలర్లు. ఉష్ణదేశాల వైద్య విభాగానికి పెద్ద డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్. చేర్చుకున్నది ఆయనే. కానీ చేర్చుకోవడం వేరు, అన్నం పెట్టడం వేరు.

మామూలుగా ఇలాంటి విద్యార్థి ఏదో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరి పొట్ట పోసుకునేవాడు. సుబ్బారావు గారికి ఆ దారి మూసుకుపోయింది. ఎల్ఎంఎస్‌ను అక్కడ డాక్టరు డిగ్రీగా లెక్కించలేదు. మద్రాసులో డాక్టరు, కాలేజీ లెక్చరర్, పెళ్లయిన మనిషి, బోస్టన్‌లో ఏ అర్హతా లేనివాడైపోయారు. అప్పుడు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో నైట్ పోర్టర్ ఉద్యోగం దొరికింది. ఆ ఆసుపత్రి హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు ఆనుకునే ఉంటుంది. పగలు క్లాసు, రాత్రి పక్క బిల్డింగులో డ్యూటీ. డ్యూటీ అంటే రోగుల బెడ్‌పాన్‌లు, మూత్రం డబ్బాలు తీసి కడగడం, చెప్పిన చిల్లర పనులు చెయ్యడం.

ఈ సంగతి మా క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు మొదట నవ్వారు, తర్వాత గమ్మున కూర్చున్నారు. ఒక పిల్లవాడు లేచి, మరి ఇంటికి రాసిన ఉత్తరంలో ఆయన ఈ పని గురించి రాశాడా అని అడిగాడు. వాడి అన్న కూడా బయటి దేశంలో ఉన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మా మేనత్త కొడుకు సంగతి మాత్రం గుర్తొచ్చింది. వెళ్లిన కొత్తలో వీడియో కాల్‌లో ఎప్పుడూ గోడకు ఆనుకుని, మెడ దాకానే కనపడేవాడు. గదిలో మంచం లేదని, నేల మీద పరుపు వేసుకుని ముగ్గురు పడుకుంటున్నారని ఏడాది తర్వాత చెప్పాడు. మా అత్తయ్య రోజూ మాట్లాడుతూనే ఉంది, ఆమెకు తెలియలేదు.

అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇప్పుడు కాలేజీ జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. అంట్లు తోమడం, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, క్యాంటీన్ కౌంటర్, ఏది దొరికితే అది. మన ఇళ్లలో స్టీలు గ్లాసు కడగని పిల్లలు అక్కడ రాత్రి పదింటికి హాస్టల్ మెస్సు తుడుస్తారు. దీన్ని దాచాల్సిన పనిగా ఎందుకు చూస్తామో నాకు అర్థం కాదు. సుబ్బారావు గారు చేసిన పనితో పోల్చితే ఇదెంత.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. బోస్టన్‌లో పోస్టు చేస్తే ఓడ మీద సముద్రాలు దాటి, మద్రాసు చేరి, అక్కడి నుంచి గోదావరి జిల్లాకు రావడానికి నెల పైనే పట్టేది. జవాబు వెనక్కి చేరడానికి ఇంకో నెల. జ్వరం వచ్చిందని రాస్తే ఆ ఉత్తరం ఇంటికి చేరేసరికి జ్వరం తగ్గి రెండో జలుబు కూడా పోయి ఉంటుంది. శుభవార్త అయినా అంతే, చావు కబురైనా అంతే. ఇక్కడ శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. పుట్టాడన్న ఉత్తరానికీ పోయాడన్న ఉత్తరానికీ మధ్య ఆ తండ్రి రాత్రి డ్యూటీకి వెళ్లి వస్తూనే ఉండి ఉంటారు.

డిప్లొమా పూర్తయింది. తిరిగి రావాల్సిన సమయం. రాలేదు. హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ పెద్ద ఓటో ఫోలిన్, పక్కన పని చేసిన ప్రొఫెసర్ సైరస్ ఫిస్కె. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఫిస్కె, సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అన్న పేరు బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మన ఊళ్లో కాకతీయ మెడికల్ కాలేజీలో చదివే పిల్లలను అడిగి చూడండి. దేశం విడిచి వెళ్లిన రెండు మూడేళ్లకు, బెడ్‌పాన్‌లు కడిగిన చేతులతో చేసిన పని అది.

తర్వాత 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల పనిచేస్తుందన్న సిద్ధాంతం అప్పట్లో రాజ్యమేలుతోంది. ఆ పనికి సంబంధించే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ ఇచ్చారు. ఫిస్కె, సుబ్బారావుల ప్రయోగాలు ఆ సిద్ధాంతాన్ని కదిలించాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మీ పదో తరగతి పిల్లల బయాలజీ పుస్తకంలో శ్వాసక్రియ పాఠం తెరిస్తే ఏటీపీ కనపడుతుంది. ఒంట్లో ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అని మా బయాలజీ సారు చెబుతుంటారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. వయసు 35.

అంతా బాగుందనిపిస్తుంది కానీ హార్వర్డ్‌లో ఆయన ఉద్యోగం ఎప్పుడూ గట్టిపడలేదు. పదవి చిన్నదే, అదీ ఏ ఏడుకాయేడు. పేపర్ల మీద పేరు ఫిస్కె తర్వాతే. తనకు రావాల్సిన పేరు కోసం కొట్లాడే స్వభావం ఆయనది కాదు. తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఆ రోజుల్లో అక్కడే చదువుకున్నారు. సుబ్బారావు కనుక్కున్న కొన్ని పదార్థాలను ఫిస్కె బయటికి రానివ్వకపోవడం వల్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని ఆయన చెప్పారు. స్థిరమైన ప్రొఫెసర్ పదవి రాకపోవడానికి రంగు కారణమని కొందరు, తన గురించి తాను చెప్పుకోకపోవడం కారణమని కొందరు అంటారు. రెండూ అయి ఉంటాయని నా అనుమానం. మన పిల్లలకు మనం వినయం నేర్పుతాం, మంచిదే. కానీ చేసిన పని మీద తన పేరు ఎక్కడుందో చూసుకోవడం కూడా నేర్పాలేమో.

మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇంటికెందుకు రాలేదు? మొదట నేను కూడా కోపంగానే ఈ ప్రశ్న వేసుకున్నాను. డబ్బు ఒక కారణం. పని పిచ్చి ఇంకో కారణం, అది కాదనలేం. మూడోది అప్పటి చట్టం. 1917 నుంచి భారతదేశం వాళ్లు అమెరికాకు వలస రాకుండా నిషేధం ఉంది, చదువుకు వచ్చేవాళ్లకు మాత్రం సడలింపు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరులు కావడానికి అర్హులు కారని తేల్చింది. ఇలాంటి రోజుల్లో ఒకసారి దేశం దాటితే మళ్లీ లోపలికి రానిస్తారన్న భరోసా లేదు. ఇప్పుడు పెళ్లికో చావుకో ఇండియా రావడానికి వీసా స్టాంపింగ్ భయంతో వెనకాడే పిల్లలున్న ఇళ్లు మన పాఠకుల్లో చాలానే ఉన్నాయి. వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1940లో పౌరులు కాని వాళ్లంతా పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని చట్టం వచ్చింది. అప్పటికి ఆయన అక్కడ ఉండబట్టి పదిహేనేళ్లు దాటింది.

అదే 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. తర్వాత అక్కడి పరిశోధనకంతటికీ పెద్దయ్యారు. చేతి కింద వందల మంది. ఇక్కడి నుంచి కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను, ఒక్క మందు దగ్గర మాత్రం ఆగుతాను.

ఆ మందు ఫోలిక్ యాసిడ్. రక్తం తయారు కావడానికి కావలసిన విటమిన్. 1930ల్లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని చూపించింది. ఆ సారంలో ఉన్నదేమిటో చాలామంది వెతుకుతున్నారు. సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఉన్నప్పటి నుంచి కాలేయం సారం మీద ఇదే వెతుకులాటలో ఉన్నారు. లెడర్లీలో ఆయన బృందం దాన్ని విడదీసి, 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబాలో దాన్ని రోగులకు ఇచ్చి చూశారు. రోగులు కోలుకున్నారు. వాళ్ల జబ్బు ట్రాపికల్ స్ప్రూ.

అన్నదమ్ములిద్దరూ పోయిన జబ్బు అది. తనకూ వచ్చి తప్పిన జబ్బు. దేశం విడిచి ఇరవై ఏళ్లు దాటాక, తన ల్యాబ్‌లో పసుపు పచ్చటి పొడిగా దాని మందు చేతికొచ్చింది. ఆ రోజు ఆయన ఏమనుకున్నారో రాసిపెట్టలేదు. నాకు మాత్రం ఈ చోటు వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే పదార్థాలు కూడా ఆ ల్యాబ్‌లోనే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఇచ్చారు. అప్పటిదాకా వారాల్లో పోయే పిల్లలు కొన్నాళ్లయినా లేచి తిరిగారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల ల్యుకేమియాకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. మన ఎంజీఎం దగ్గరి ఏ మందుల షాపులో అడిగినా ఆ పేరు తెలుసు. బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. అది కూడా ఈయన పెద్దగా ఉన్నప్పుడే ఆ ల్యాబ్ నుంచి వచ్చింది. బోదకాలుకు హెట్రజాన్ 1947లో.

ఆ హెట్రజాన్‌నే మనం డీఈసీ మాత్రలు అంటాం. ఆశ కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, కళ్ల ముందే మింగించి, వేలి మీద పెన్నుతో గుర్తు పెట్టి వెళ్తారు చూడండి, అవే. మా నానమ్మకు ఒక కాలు బోదకాలు. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని దాచుకునేది. మాత్రలు వచ్చిన రోజు మా అమ్మ తల తిరుగుతుందని సణుగుతూనే నానమ్మ కాలు గుర్తు చేసుకుని మింగేది. ఆ మందు వెనక భీమవరం మనిషి ఉన్నాడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకు బీఈడీ అయ్యాక గానీ తెలియలేదు.

చివరి ఏళ్లలో ఆయన జీవితంలో సరదా లేదనుకోకండి. విమానం నడపడం నేర్చుకున్నారు. డబ్బు వస్తే స్నేహితులకూ తోటివాళ్లకూ అప్పులివ్వడమే గానీ కూడబెట్టింది పెద్దగా లేదు. 1946లో చట్టం మారి భారతీయులు అమెరికా పౌరులు కావొచ్చన్నారు. ఆయన మాత్రం పౌరుడు కాకుండానే ఉండిపోయారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. గుండెపోటు. వయసు 53. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. 1995లో, పుట్టి వందేళ్లయినప్పుడు, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఒక బూజు జాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు, సుబ్బరోమైసిస్ అని.

ఆ అమ్మగారికి నైట్ డ్యూటీ సంగతి చెప్పాను. వినగానే ఆమె ముఖంలో కొంచెం ధైర్యం కనపడింది. తన కొడుకు గిన్నెలు కడగాల్సి వస్తే కడగనివ్వండి టీచర్ అన్నట్టు తల ఊపారు. వాడు వెళ్లేలోపు కనీసం అన్నం పప్పు వండడం, బట్టలు ఉతుక్కోవడం నేర్పిస్తానన్నారు. వారానికి ఒకసారి వీడియోలో గదంతా తిప్పి చూపించాలని ముందే మాట తీసుకోమని నేను చెప్పాను. అది మా అత్తయ్య దగ్గర నేర్చుకున్న పాఠం.

శేషగిరి గారి సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేకపోయాను. వెనక వేరే పేరెంట్స్ లైనులో నిలబడి ఉన్నారు, పైగా ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమెకు పెళ్లయిన తర్వాత భర్తతో గడిచింది కొద్ది కాలమే, అదీ చదువుల మధ్య. ఓడ ఎక్కించాక ఆయన్ను మళ్లీ చూడలేదు. బిడ్డ పోయాడు. చదువు అయిపోయింది, డిప్లొమా వచ్చింది, పీహెచ్‌డీ వచ్చింది, పెద్ద ఉద్యోగం వచ్చింది, ఒక్కో ఉత్తరంతో రాక వాయిదా పడుతూ వచ్చింది. పాతికేళ్లు. ఆయన పోయారన్న కబురు కూడా దూరం నుంచే వచ్చింది. ఆ తర్వాత ఆమె ఇంకా చాలా ఏళ్లు బతికారు.